పీణ్యలో బృహస్పతి

పీణ్య రెండో స్టేజీలో, గాల్వనైజింగు షెడ్డు పక్కన
మేం గ్రహాలు చేస్తున్నాం.
మిగతా నెలల్లో చెత్తబుట్టలు, నీళ్ళతొట్లు,
పార్కుల్లో నిలబెట్టే జిరాఫీలు.
ఈసారి ఒక బడివాళ్ళు గ్రహాలు కావాలన్నారు.

ఐదడుగులు బృహస్పతి.
నాకంటే ఒక్క అంగుళం పొడుగు.
ఫైబరు అచ్చులోంచి రెండు చిప్పలుగా వచ్చి
అతుకు దగ్గర కొట్టిన కొబ్బరికాయలా నోరు తెరిచాడు.
లోపలికి దూరి పుట్టీ రాశాను.
రెజిను వాసనా, నా దగ్గూ తప్ప
అందులో ఏమీ లేదు.
నిజం బృహస్పతి మీద కూడా కాలు మోపే నేల లేదట,
ఓనరు రుద్రప్ప కొడుకు ఫోన్లో చదివి చెప్పాడు:
గాలి, దాని కింద గాలి,
ఇంకా కిందికి పోతే చిక్కబడ్డ గాలి.
నాకేం వింతనిపించలేదు.
పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నా.

చారలకే నాలుగు రోజులు పట్టింది.
జేగురు, మీగడ, అడుగంటిన పాల రంగు, మళ్ళీ జేగురు.
ఎర్రమచ్చకి రంగు చాల్లేదు,
నిప్పు బకెట్లకి వాడగా మిగిలిన డబ్బా గీకి దిద్దాను.
మచ్చ కాదట, తుఫానట.
వందల ఏళ్ళుగా తిరుగుతోందట,
మన భూమి మొత్తం అందులో పట్టేస్తుందట.
మన భూమి ఎంత?
బల్ల మీదే ఉంది, రాగిముద్దంత.
మధ్యాహ్నం టిఫినుడబ్బా తెరిచి
రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని
ముద్దే తిన్నాను.

యురేనస్ స్టాండుని ఇలియాస్ అడ్డంగా వెల్డు చేశాడు.
రుద్రప్ప నానా మాటలూ అన్నాడు.
కాగితం తిప్పి చూస్తే నిజంగానే అది
పక్కకి ఒరిగిపోయి దొర్లుతుందట సూర్యుడి చుట్టూ,
నైటు షిఫ్టు దిగి పడుకున్నవాడిలా.
అన్న మాటలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

శనివారం నాడు శనిని ముట్టనన్నాడు ఓబులేసు.
"ఏలినాటి శని మొన్న ఉగాదికే వదిలింది తిప్పక్కా,
నా చేతులారా బండెక్కించుకోమంటావా?"
ఆదివారం పొద్దున
చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి
అప్పుడు ఎక్కించాడు.

గొరగుంటెపాళ్య సిగ్నలు దాటగానే వాన.
అండర్‌పాసులో నడుంలోతు నీళ్ళు.
బండి దగ్గి ఆగిపోయింది.
తాడు తెగింది, శని జారాడు,
నేను కేక పెట్టాను.

మునగలేదు.
వలయంతో సహా తేలాడు,
ఎవరో పక్కకి నెట్టినట్టు మెల్లగా తిరుగుతూ.
ఒక హెల్మెట్టు, రెండు జతల చెప్పులు, పాలప్యాకెట్టు
ఆయన చుట్టూ చేరాయి ఉపగ్రహాలై.
బస్సు కిటికీల్లోంచి ఫోన్లు బయటికొచ్చాయి.
"నిజం శని కూడా నీళ్ళకంటే తేలికట," అన్నాను,
కాగితంలో ఉన్నదే.
ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, అదీ చాలక తడిసి,
ఓబులేసు వెళ్ళి రెండు చేతులా పట్టుకున్నాడు.
చాలాసేపు అలాగే నిలబడ్డాడు.
"ఇంత తేలికైనవాణ్ణా
ఏడున్నరేళ్ళు మోసింది నేను!"

బళ్ళో గోడ చాల్లేదు.
సూర్యుణ్ణి గేటు మీద పసుపు వంపుగా గీసి సరిపెట్టారు.
ఏడు గ్రహాలకి గుంటలు తవ్వారు.
నెప్ట్యూన్‌కి చోటు లేదు.
సైన్సు టీచరమ్మ లెక్కేసి చూపించింది,
ఈ కొలత ప్రకారం అది ఉండాల్సింది
నలభై ఏడు కిలోమీటర్ల అవతల,
డాబస్‌పేట దగ్గరెక్కడో, హైవే పక్కన.
అందరూ నవ్వారు.
నేను నవ్వలేదు, ఆ నీలానికి మూడు పూతలు వేశాను.
బిల్లులోంచి కొట్టేశారు దాన్ని.

ఇప్పుడది లగ్గెరెలో, మా మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన.
దాని ఏడాది మన నూట అరవై ఐదేళ్ళు.
కనిపెట్టిన నాటినుంచి ఒక్క చుట్టే పూర్తిచేసిందట.
ఇంటి ఓనరమ్మ అడుగుతుంది, ఎప్పుడు తీస్తావని.
వచ్చే ఏడాది అంటాను,
ఎవరి ఏడాదో చెప్పను.

నిన్న కరెంటు పోయినప్పుడు
చీకట్లో పైకెళ్ళి దాన్ని తడిమి చూశాను.
వాన ముసురు కదా,
మూడో పూత ఇంకా కాస్త వేళ్ళకి అంటుతోంది.